ప్రాణం పోయిన చోట రాయి: తిరుపతి, చిత్తూరు దారుల్లో స్మారకాలు ఏం చెబుతున్నాయి, ఏం చెప్పడం లేదు

క్లుప్తంగా: రోడ్డు ప్రమాదంలో మనిషి పోయిన చోట కుటుంబం ఒక రాయి నాటడం తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పాత ఆచారాల్లోంచి పుట్టిన కొత్త అలవాటు. ఈ రాళ్లను ప్రమాదాల పటంగా చదవకూడదు. దగ్గరి ఊళ్లవాళ్ల మరణాలే వాటిలో కనిపిస్తాయి, దారిన పోయే యాత్రికుల మరణాలు కనిపించవు. చట్టం దృష్టిలో ఇవి ఆక్రమణలు. అయినా ప్రభుత్వ లెక్కలకు చిక్కని సమాచారం కొంత వీటిలో ఉంది. రోడ్లు వెడల్పయ్యేకొద్దీ అది చెరిగిపోతోంది.

తిరుపతి నుంచి పాకాల, పూతలపట్టు మీదుగా చిత్తూరు వెళ్లే దారిలో, భాకరాపేట ఘాట్ దాటి పీలేరు వైపు పోయే దారిలో, పుత్తూరు, నగరి దారిలో ఊరి క్రాస్ వచ్చినప్పుడు ఒక్కోచోట మోకాలెత్తు గ్రానైట్ పలక కనిపిస్తుంది. దాని మీద ఒక ఫొటో, జననం, మరణం తేదీలు, ఎండిపోయిన బంతిపూల దండ. ఫొటోలో ఉన్నది చాలాసార్లు కుర్రాడే. అది యాదృచ్ఛికం కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. టూవీలర్ మీద పోయినవాళ్లే 44 శాతానికి పైగా ఉన్నారు.

ఈ రాళ్లను చాలామంది సమాధులు అంటారు. కానీ అక్కడ ఎవరినీ పూడ్చలేదు. దహనమో ఖననమో ఊరి శ్మశానంలోనో, సొంత పొలంలోనో జరిగిపోయి ఉంటుంది. మరి రోడ్డు పక్కన రెండో గుర్తు ఎందుకు? రోడ్డు వెడల్పు పనులు మొదలైన ప్రతిచోటా ఈ ప్రశ్న లేస్తోంది. ఇంజినీరు దాన్ని ఆక్రమణ అంటాడు. కుటుంబానికి అది గుడితో సమానం. దారిన పోయే డ్రైవర్‌కు హెచ్చరిక బోర్డు, లేదంటే భయం. ఒకే రాయికి ఇన్ని అర్థాలు ఉన్నప్పుడు అది ఎలా పుట్టిందో ముందు చూడాలి.

## ఇంట్లో దీపం, రోడ్డు మీద రాయి

తెలుగు ఇళ్లలో మనిషి పోతే ప్రాణం పోయిన చోట, లేదా శవాన్ని పడుకోబెట్టిన చోట దీపం పెడతారు. పెద్దకర్మ దాకా అది ఆరిపోకుండా చూసుకుంటారు. ఆ మనిషి ఇంట్లో ఆఖరుగా ఉన్న చోటు అదే కాబట్టి ఆ పది రోజులూ ఇంటి దుఃఖమంతా ఆ మూల చుట్టూనే తిరుగుతుంది.

ఊరి బయట పోతే కథ వేరు. బయట పోయినవారి శవాన్ని ఇంటి లోపలికి తేకూడదనే పట్టింపు ఇక్కడి పల్లెల్లో చాలాచోట్ల ఇంకా ఉంది. పోస్టుమార్టం అయ్యాక వాకిట్లోనో, వీధిలో పందిరి కిందనో కాసేపు ఉంచి, చూడాల్సినవాళ్లు చూశాక తీసుకుపోతారు. మనిషి పొద్దున టిఫిన్ తిని బండి తీసుకుని గడప దాటాడు, మళ్లీ ఆ గడప లోపలికి రాలేదు. దీపం పెట్టాల్సిన చోటు ఇంట్లో లేదు, రోడ్డు మీద ఉంది. రాయి నాటే ఆచారానికి అసలు మూలం ఇదేనని అనుకోవడానికి బలమైన కారణం ఒకటుంది. దెబ్బ తగిలిన మనిషి తిరుపతి రుయా ఆస్పత్రిలోనో, వేలూరు ఆస్పత్రిలోనో రెండు మూడు రోజుల తర్వాత ప్రాణం వదిలినా, రాయి మాత్రం రోడ్డు పక్కనే లేస్తుంది. కుటుంబం లెక్కలో మనిషి తమకు దూరమైన చోటు అదే.

దీనికి ఇంకో నమ్మకం తోడవుతుంది. ఆయుష్షు తీరకుండా, హఠాత్తుగా పోయిన ప్రాణం ఆ చోటు వదిలి పోదని పల్లెల్లో అంటారు. అకాల మరణం, దుర్మరణం అనే మాటల్లో జాలి ఎంత ఉందో భయమూ అంత ఉంది. అందుకే ఒకే రాయి దగ్గర రెండు రకాల వస్తువులు కనిపిస్తాయి. కుటుంబం పెట్టిన పూలు, అగరబత్తి పుల్లలు ఒకవైపు. దారిన పోయే లారీ డ్రైవర్లు వేసిన నిమ్మకాయలు, కొట్టిన కొబ్బరికాయ చిప్పలు, దిష్టి గుమ్మడికాయ ముక్కలు ఇంకోవైపు. మొదటివి ప్రేమతో పెట్టినవి, రెండోవి భయంతో వేసినవి. ఈ రెండూ ఏళ్ల తరబడి ఒకేచోట కలిస్తే, ఎవరి బిడ్డదో తెలిసిన రాయి మెల్లగా ఎవరో తెలియని దేవుడి రాయి అవుతుంది. పసుపు, కుంకుమ పడతాయి, పైన రేకు లేస్తుంది.

రాజస్థాన్‌లో జోధ్‌పూర్, పాలీ మధ్య హైవే మీద 1980ల చివర్లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయిన ఒక యువకుడి బండికే గుడి వెలిసింది. బుల్లెట్ బాబాగా అది దేశమంతా ప్రసిద్ధం. దారిన పోయే డ్రైవర్లు చాలామంది ఆగి మొక్కి ముందుకు పోతారు. చిత్తూరు దారుల్లో అంత పెద్దది లేకపోవచ్చు గానీ, గుర్తు రాయి గుడిగా మారే తీరు మాత్రం ఇదే.

## వీరగల్లు నేల

చనిపోయినవారి కోసం రాయి నిలపడం ఈ నేలకు కొత్త కాదు. బాణులు, వైదుంబులు, నొళంబులు అనే రాజవంశాలు ఈ సీమ కోసం కొట్టుకున్న తొమ్మిది, పది శతాబ్దాల నాటి వీరగల్లులు (వీరుల స్మారక శిలలు) పుంగనూరు, పలమనేరు పరిసరాల పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, ఊరి పొలిమేరల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆవుల మందను శత్రువులు తోలుకుపోతుంటే అడ్డం తిరిగి చచ్చినవాడికి, ఊరి మీదికి వచ్చినవాళ్లతో పోరాడి పడిపోయినవాడికి రాయి వేశారు. కొన్ని రాళ్లలో కింద అరలో పోరాటం, దాని పైన వీరుణ్ని అప్సరసలు మోసుకుపోవడం, అన్నిటికన్నా పైన శివలింగం చెక్కి ఉంటాయి. పోయినవాడు ఎలా పోయాడో, ఎక్కడికి చేరాడో ఆ రాయి చెబుతుంది.

ఈనాటి గ్రానైట్ పలక దానికి వారసురాలని నేరుగా చెప్పలేం. మధ్యలో వెయ్యేళ్ల ఎడం ఉంది. తేడా కూడా పెద్దదే. వీరగల్లు చావుకు ఒక కారణం చూపిస్తుంది, దాన్ని గౌరవిస్తుంది. రోడ్డు పక్క పలక చావు ఎలా జరిగిందో ఒక్క మాట కూడా చెప్పదు. లారీ బొమ్మ ఉండదు, రాంగ్ రూట్ అని ఉండదు. ఫొటో, పేరు, రెండు తేదీలు, కింద తల్లిదండ్రుల పేర్లు. ఆ చావుకు ఏ అర్థమూ దొరకలేదు కాబట్టి రాయడానికి ఇంకేమీ లేదు.

దగ్గరి పోలిక ఇంకొకటి ఉంది. ఆనుకుని ఉన్న తమిళనాడులో దారుల పక్కన సుమైతాంగి రాళ్లు కనిపిస్తాయి. నిలువుగా రెండు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒకటి. నెత్తిమీద బరువుతో నడిచేవాళ్లు ఇంకొకరి సాయం లేకుండా మూటను దానిమీదికి జరిపి కాసేపు నిలబడేందుకు వీలైన ఎత్తు. కడుపుతోనో, కాన్పులోనో పోయిన ఆడమనిషి పేరున వీటిని వేయించేవారు. మోయలేని బరువుతో పోయినామె కోసం నలుగురి బరువు దించే రాయి. దానికి ఏ వివరణా అక్కర్లేదు. మన వైపు ఊరి క్రాసుల్లో ‘ఫలానా వారి జ్ఞాపకార్థం’ అని రాసిన బస్ షెల్టర్లు, సిమెంటు బెంచీలు, ఎండాకాలం చలివేంద్రాలు ఆ కోవలోవే. రోడ్డు ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాలు కొన్ని రాయికి బదులు ఈ దారి ఎంచుకుంటున్నాయి.

## మూడు దశలు

రాయి ఒక్కరోజులో లేవదు. మొదటి రోజున పోలీసులు సుద్దముక్కతో గీసిన గీతలు, పగిలిన అద్దం పెంకులు, నెత్తురు మీద చల్లిన మట్టి ఉంటాయి. దినాలకు ఫ్లెక్సీ వస్తుంది. తమిళనాడు సరిహద్దు దగ్గర కావడంతో అక్కడి ‘కణ్ణీర్ అంజలి’ ఫ్లెక్సీల పద్ధతి నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు ‘కన్నీటి నివాళి’గా బాగా పాతుకుపోయింది. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయి, గాలికి చిరిగిపోయే లోపు ఏడాది తిరుగుతుంది. సంవత్సరీకం నాటికి పలక నాటుతారు. కొందరు ఫ్లెక్సీతోనే ఆగిపోతారు.

పలక ఇంత మామూలు కావడానికి ఒక సాదా కారణం ఉంది. చిత్తూరు జిల్లా గ్రానైట్ జిల్లా. క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు దగ్గర్లోనే ఉన్నాయి. నల్ల పలక మీద ఫొటోను మెషీన్‌తో చెక్కించడం ఒకప్పటిలా ఖరీదైన పని కాదు. శిల్పి కోసం తిరగాల్సిన పనీ లేదు, సెల్‌ఫోన్లోని ఫొటో చాలు.

## ఎవరికి రాయి ఉంది, ఎవరికి లేదు

ఈ ఆచారంలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ, చాలామంది గమనించనిదీ ఇక్కడుంది.

తిరుమలకు రోజుకు అరవై, డెబ్భై వేల మంది వచ్చిపోతుంటారు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి కార్లు, టెంపోలు, బస్సులు రాత్రంతా నడుస్తాయి. తమిళుల పెరటాసి నెలలో తమిళనాడు నుంచి తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా పసుపు బట్టలతో గుంపులు గుంపులుగా నడిచి వస్తారు. తెల్లవారుజామున దర్శనానికి అందుకోవాలన్న తొందర, నిద్రమత్తు, తెలియని దారి. ఈ రోడ్ల మీద పోయేవాళ్లలో బయటివాళ్లు చాలామంది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి వైపు వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. 2024 సెప్టెంబరులో బంగారుపాళ్యం దగ్గర మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో పోయినవారి ఇళ్లు ఎక్కడెక్కడో ఉంటాయి. కుటుంబాలు ఆస్పత్రికి వస్తాయి, మార్చురీ దగ్గర కూర్చుంటాయి, శవంతో వెనక్కి పోతాయి. ఆ చోటు మళ్లీ చూడాలని ఉన్నా చూడలేవు. వందల కిలోమీటర్ల దూరం నుంచి ఏటా వచ్చి దండ మార్చేవాళ్లు ఎవరు?

రాయి నిలవాలంటే ఆ దారిన రోజూ పోయే మనిషి కావాలి. పాలు పోసి వచ్చే అన్న, కాలేజీ బస్సెక్కే చెల్లెలు, పొలానికి పోతూ ఆగి దుమ్ము తుడిచే నాన్న. అందుకే రాళ్లు ఊరి క్రాసుల దగ్గర గుంపుగా ఉంటాయి, ఘాట్ మలుపుల్లో తక్కువ. ఊరి క్రాస్ దగ్గర పోయింది ఊరివాడు, ఘాట్‌లో పోయింది ఎవరో. రాళ్లు ఉన్నచోట ప్రమాదాలు ఎక్కువ, లేనిచోట రోడ్డు భద్రం అని లెక్కగట్టే డ్రైవర్ పొరబడినట్లే.

ఊరివాళ్లలోనూ అందరికీ రాయి లేదు. పలక వేయించే స్తోమత ఉండాలి. ఇంటి పెద్దలు ఒప్పుకోవాలి. పోయినచోటికి మళ్లీ పోతే ఇంకో కీడు వెంట వస్తుందని వద్దనే ఇళ్లు తక్కువేం కాదు. ఆడవాళ్ల రాళ్లు మగవాళ్ల రాళ్లకంటే బాగా తక్కువగా కనిపిస్తాయి. హైవేల మీద బండ్లు నడిపేది ఎక్కువగా మగవాళ్లు కావడం దానికి ఒక కారణం. అదొక్కటే కారణమా అంటే అనుమానమే. ఇక రోడ్డు పక్కన నిద్రపోతూ, చెత్త ఏరుకుంటూ, మతి స్థిమితం లేక తిరుగుతూ బండ్ల కింద పడినవారు పోలీసు రికార్డులో ‘గుర్తు తెలియని వ్యక్తి’గా మిగిలిపోతారు. రాయికి ముందు పేరు కావాలి.

## మూడేళ్ల లెక్క, ఇరవై ఏళ్ల రాయి

రాళ్లను ప్రమాదాల పటంగా చదవకూడదన్నాక, వాటికి సమాచారపరంగా విలువే లేదని తేల్చేయడమూ తప్పే. అది అర్థం కావాలంటే ప్రభుత్వం బ్లాక్ స్పాట్‌ను, అంటే ప్రమాదాలు తరచూ జరిగే చోటును, ఎలా గుర్తిస్తుందో చూడాలి.

జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల నిడివిలో, మూడు క్యాలెండర్ సంవత్సరాల్లో మరణమో తీవ్ర గాయమో జరిగిన ప్రమాదాలు ఐదు నమోదైతే, లేదా పది మంది చనిపోతే ఆ చోటు బ్లాక్ స్పాట్. అప్పుడే దాని మీద ఖర్చు పెట్టడానికి దారి దొరుకుతుంది. మొదట రంబుల్ స్ట్రిప్స్ (రోడ్డుకు అడ్డంగా వేసే గరుకు పట్టీలు), బోర్డులు, సోలార్ లైట్లు వంటి చిన్న పనులు, తర్వాత అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు వంటి పెద్ద పనులు.

ఈ కొలత పెద్ద జంక్షన్లను బాగానే పట్టుకుంటుంది. రెండు మూడు వందల ఇళ్ల ఊరి క్రాస్‌ను మాత్రం పట్టుకోదు. ఒక ఊరు ఉందనుకుందాం. నాలుగు లైన్ల రోడ్డు దాన్ని రెండుగా చీల్చింది. ఇళ్లు ఒకవైపు, పొలాలు, పాల కేంద్రం ఇంకోవైపు. డివైడర్‌లో సందు అర కిలోమీటరు అవతల ఉంది. అంత దూరం పోయి తిరిగి రావడం కష్టమని బండ్లు రాంగ్ రూట్‌లో వస్తాయి. మామిడి కాలంలో దామలచెరువు మండీకి, చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా రాత్రంతా రోడ్డు మార్జిన్‌లో నిలబడతాయి. ఏడాదిన్నరకు ఒకరు పోతారు. మూడేళ్లలో ఇద్దరు. ఐదు అనే గీతను ఆ ఊరు ఎప్పటికీ దాటదు. కొత్త మూడేళ్లు మొదలయ్యేసరికి పాత ఇద్దరూ లెక్కలోంచి జారిపోతారు. ఇరవై ఏళ్లలో పదముగ్గురు పోయినా కాగితం మీద అది మామూలు రోడ్డే.

రాయి మూడేళ్లకు జారిపోదు. 2006 రాయి పక్కన 2013 రాయి, దాని పక్కన 2021 రాయి నిలబడితే, ఆ వరసలో కనిపించేది డ్రైవర్ల నిర్లక్ష్యం మాత్రమే కాదు. ఒకే చోట వేర్వేరు మనుషులు, వేర్వేరు బండ్లు, వేర్వేరు కాలాల్లో ప్రమాదానికి గురైతే రోడ్డు కట్టిన తీరులో లోపం ఉందేమోనని అడగాలి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఏ సెక్షన్ ఈ ప్రశ్నకు చట్టంలో చోటు ఇచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం జరిగితే బాధ్యులైన సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అది చాలా చిన్న మొత్తమే. కానీ తప్పు ఎప్పుడూ బండి నడిపినవాడిదే కానక్కర్లేదని చట్టం ఒప్పుకుంది.

రోడ్డు భద్రతా తనిఖీకి వచ్చే ఇంజినీరు ఊరి క్రాస్‌లో దిగి ఆ రాళ్ల మీద తేదీలు రాసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాల పని తనిఖీ ఫారాల్లో చేరితే చిన్న ఊళ్లకు మేలు జరుగుతుంది.

## రాయి చూసి బండి నెమ్మదిస్తుందా?

నెమ్మదిస్తుందని కుటుంబాలు నమ్ముతాయి. ‘మా వాడిని చూసైనా ఇంకొకడు జాగ్రత్తపడాలి’ అనే మాట ఈ రాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. కెనడాలోని కాల్గరీలో పరిశోధకులు దీన్ని కొలిచారు. కూడళ్ల దగ్గర నమూనా స్మారకాలు పెట్టి చూస్తే ఎర్ర లైటు దాటే బండ్లు దాదాపు ఆరో వంతు తగ్గాయి. అదే పద్ధతిని పెద్ద హైవే మీద ప్రయత్నిస్తే వేగంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆగాల్సిన చోట, పరిసరాలు చూసే వ్యవధి ఉన్న చోట రాయి పనిచేస్తుంది. వందకు పైగా వేగంతో పోయే కారులోంచి మోకాలెత్తు పలక కనబడదు. రోజూ అదే దారిన పోయేవాడికి నెల తిరిగేసరికి అది కిలోమీటరు రాయితో సమానమైపోతుంది.

వేగం నిజంగా తగ్గించే పద్ధతి ఎలా ఉంటుందో చూడాలంటే తిరుమల ఘాట్ రోడ్డుకు పోతే చాలు. కొండ ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలి. గేటు దగ్గర టైమ్ నమోదవుతుంది. ముందే చేరితే నిలదీస్తారు, జరిమానా కట్టాలి. అక్కడ డ్రైవర్ మనసు మారాల్సిన పని లేదు, గడియారం చూసుకుంటే చాలు. దేశంలో రోడ్డు మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే పడుతున్నప్పుడు, ఆ భారాన్ని ఒక తల్లి నాటించిన పలక మీద వేయడం న్యాయం కాదు.

రాయి వల్ల ఇబ్బందీ ఉంది, దాన్ని దాచకూడదు. రోడ్డు అంచుకు దగ్గరగా కాంక్రీటు దిమ్మె కట్టి పలక నిలిపితే, అదుపు తప్పిన బైకు దానికే కొట్టుకుంటుంది. ఖాళీ మట్టి మార్జిన్‌లో దొర్లి బతికి బయటపడాల్సినవాడు దిమ్మెకు తగిలి పోవచ్చు. మలుపులో మొక్కడానికి ఆగిన లారీని వెనక బస్సు గుద్దొచ్చు. రోడ్డు మధ్యలో కొట్టిన గుమ్మడికాయ మీద జారి పడే టూవీలర్ల సంగతి అమావాస్య మర్నాడు ఎవరినడిగినా చెబుతారు.

## చట్టం ఎక్కడ నిలబడింది

ఈ రాళ్ల గురించే ప్రత్యేకంగా రాసిన చట్టం లేదు. ఇతర నిబంధనలే వీటికి వర్తిస్తాయి. జాతీయ రహదారుల (భూమి, ట్రాఫిక్) నియంత్రణ చట్టం, 2002 ప్రకారం రహదారి భూమిలో అనుమతి లేని ఏ కట్టడమైనా ఆక్రమణే. నోటీసు ఇచ్చి తొలగించవచ్చు. రోడ్లు, ఫుట్‌పాత్‌లు వంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్త ప్రార్థనా మందిరాలు కట్టకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులో ఆదేశించింది. 2013 జనవరిలో ఆ కేసులోనే విగ్రహాలకు, ఇతర కట్టడాలకు కూడా రోడ్ల మీద అనుమతి ఇవ్వవద్దని చెప్పింది. మరుసటి నెలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 18తో దాన్ని అమలులో పెట్టింది.

ఈ ఆదేశాలు వచ్చింది నాయకుల విగ్రహాలు, కూడళ్లలో వెలిసే గుళ్లు చూసి. రెండడుగుల పలక కూడా అక్షరాలా అదే నిషేధం కిందికి వస్తుంది. ఆచరణలో మాత్రం ఎవరో ఫిర్యాదు చేస్తేనో, రోడ్డు పని వస్తేనో తప్ప ఎవరూ కదిలించరు. నాలుగు రోడ్ల మధ్య నిలబెట్టిన నాయకుడి విగ్రహానికి పోలీసు కాపలా ఉంటుంది. పలకకు ఆ ఇంటివాళ్లే కాపలా.

## ఇతర చోట్ల ఏం చేస్తున్నారు

తెలుగులో దింపుడు కళ్లం ఆశ అంటాం. శ్మశానానికి పోతూ దారిలో పాడె దించి, ఆప్తులు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేస్తాడేమోనని ఆఖరి ఆశ. అమెరికా నైరుతి ప్రాంతంలో, మెక్సికోలో రోడ్డు పక్క శిలువలను ‘దెస్కాన్సో’ అంటారు. విశ్రాంతి అని ఆ మాటకు అర్థం. శవపేటిక మోసేవాళ్లు దారిలో దించి ఊపిరి పీల్చుకున్న చోట వెనకటికి శిలువ నాటేవారు, అదే తర్వాత రోడ్డు ప్రమాదాల చోటికి మారింది. శవాన్ని దించిన చోటుకు విలువ ఇవ్వడం రెండు చోట్లా ఉంది. మనవాళ్లు ఆ చోట గుర్తు పెట్టలేదు, వాళ్లు పెట్టారు. అంతే తేడా.

గ్రీసులో రోడ్ల పక్కన చిన్న చర్చి ఆకారంలో దీపం పెట్టెలు ఉంటాయి. పోయినవారి కోసమే కాదు, ప్రమాదం నుంచి బతికినవాళ్లు కూడా మొక్కు తీర్చుకుంటూ పెడతారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1953 నుంచి ఒక మాజీ సైనికుల సంఘం ప్రతి మరణానికీ ఒక తెల్ల శిలువ నాటుతోంది. పేరు ఉండదు. ఊరివాడా, దారిన పోయేవాడా అనే భేదం ఉండదు. ఐదుగురు పోతే ఐదు. మన దారుల్లో యాత్రికులకు దొరకనిది సరిగ్గా ఇదే. ఫ్లోరిడాలో సొంత స్మారకాలకు బదులు రోడ్ల శాఖే ‘జాగ్రత్తగా నడపండి’ అని రాసిన గుండ్రటి రేకు బోర్డు కింద పేరు రాసి పెడుతుంది. బండి తగిలినా ప్రాణం తీయని రేకు కావడం అక్కడ ముఖ్యం.

ఇక్కడికి ఏది నప్పుతుంది? ఫ్లోరిడా పద్ధతికి ఆఫీసు, దరఖాస్తు కావాలి. పలక కోసం క్వారీ దాకా పోయే కుటుంబం రోడ్ల శాఖ ఆఫీసు చుట్టూ తిరగలేదు. రోడ్డు హద్దు రాయికి అవతల పంచాయతీ స్థలంలో, బస్ షెల్టర్ గోడ మీదనో, రచ్చబండ దగ్గరో ఆ క్రాస్‌లో పోయిన అందరి పేర్లూ ఒకేచోట ఉంచడం దీనికన్నా తేలిక. గ్రామసభ తీర్మానం చాలు. అందులో ‘చెన్నై నుంచి వచ్చిన ముగ్గురు యాత్రికులు’ అనే వరసకు కూడా చోటు దొరుకుతుంది.

## రోడ్డు వెడల్పయితే

జిల్లాలో ఇప్పుడు రోడ్ల ముఖం మారుతోంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా గుండా పోతోంది. చిత్తూరు నుంచి తమిళనాడులోని తచ్చూరుకు ఆరు లైన్ల దారి పడుతోంది. ఇవి ఇరువైపులా కంచె వేసిన రోడ్లు. ఎక్స్‌ప్రెస్‌వే మీద కాలినడకకు, టూవీలర్లకు చోటు లేదు. రేపు అక్కడ ఎవరైనా పోతే కుటుంబం ఆ చోటికి నడిచి పోయే వీలే ఉండదు. రాయి నాటే ఆచారం అలాంటి రోడ్ల మీద పుట్టే అవకాశం లేదు.

పాత రోడ్ల సంగతి వేరే. రెండు లైన్లు నాలుగైతే, నాలుగు ఆరైతే, 1998లో అంచున నాటిన రాయి ఇప్పుడు తారు మధ్యలోకి వస్తుంది. భూసేకరణలో బావికి, బోరుకు, మామిడి చెట్టుకు, ప్రైవేటు స్థలంలోని కట్టడానికి లెక్క కట్టి పరిహారం ఇస్తారు. గుళ్లు మార్చాల్సి వస్తే ఊరి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడతారు. పలక పట్టా భూమిలో లేదు, గుడీ కాదు. సర్వే జాబితాలో దానికి గడి లేదు. జేసీబీ వచ్చిన రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఉండి పరిగెత్తుకొస్తే రాయి దక్కుతుంది, లేకపోతే మట్టిలో కలుస్తుంది. పని మొదలయ్యే వారం ముందు ఊళ్లో ఒక చాటింపు వేయించడం, పలకలు తీసుకుపోవడానికి ఒక తేదీ చెప్పడం కాంట్రాక్టర్‌కు ఖర్చులేని పని. టెండరు షరతుల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు.

తీసుకెళ్లిన పలకను కొందరు పొలం గట్టు మీద నాటుకుంటారు, కొందరు ఇంటి వెనక గోడకు ఆనిస్తారు. పేరు, తేదీ మిగులుతాయి. చోటు మాత్రం ఇక కాగితాల్లోనే ఉంటుంది. 2021 నుంచి దశలవారీగా వచ్చిన కేంద్ర ప్రమాద డేటాబేస్‌లో పోలీసు ఫోన్‌తో నమోదు చేసిన అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. ఆ సమాచారం పోలీసు, రవాణా, రహదారుల, వైద్య శాఖల మధ్య నడుస్తుంది. అంతకు ముందు పోయినవాళ్లకు మిగిలింది ఎఫ్‌ఐఆర్‌లో ఘటనా స్థలం గడిలోని ఒక్క వరస: స్టేషన్‌కు ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరంలో.